నాలుగు వేళ్ల పిడక

పాన్‌గల్‌లో ఉండే జోగులమ్మ అనే ఆవిడ తన కుడిచేతి ఐదు వేళ్లనూ ఎన్నో ఏళ్లుగా అక్రమంగా వాడుకుంటున్నదని ఈ మధ్యనే బయటపడింది. ఇంత పెద్ద సంగతి ఇన్నాళ్లూ పోలీసులకు గాని, రెవెన్యూ వారికి గాని, చివరికి జోగులమ్మకు గాని తెలియకపోవడం విచారకరమే. ఆలస్యంగానైనా న్యాయం మేలుకొన్నందుకు మనమంతా సంతోషించాలి. దాన్ని తట్టి లేపింది ఒక ఆన్‌లైన్ అంగడి. ఏ అంగడో పేరు చెప్పనక్కర లేదు. మీ ఫోన్లో ఉంది.

జోగులమ్మ చేసేది పిడకలు కొట్టడం. ఇంట్లో రెండు ఆవులున్నాయి. అవి చాలకపోతే వాడకట్టులో నాలుగిళ్లు తిరిగి పేడ ఎత్తుకొస్తుంది. పొట్టు కలిపి, ముద్ద చేసి, వెనక గోడకు ఠపీమని కొడుతుంది. ఐదు వేళ్లూ దిగుతాయి. ఎండాక ఊడబెరుకుతుంది. ఇందులో ఏదో ఒక డిజైన్ దాగి ఉందని ఆమెకు ఎన్నడూ తోచలేదు.

దీన్ని వ్యాపారం చేసింది కోడలు పావని. పావని వనపర్తిలో డిగ్రీ రెండో ఏడు దాకా చదివింది. మొగుడు మల్లేశ్ హైదరాబాదులో సెంట్రింగ్ పనికి పోయేవాడు. అతను పనిచేసిన అపార్టుమెంటులోనే ఒకాయన గృహప్రవేశం పెట్టుకుని, పాలు పొంగించడానికి పిడకలు దొరక్క నగరమంతా తిరిగి, చివరికి మల్లేశ్‌ను అడిగాడు. మల్లేశ్ నవ్వాపుకోలేకపోయాడు. "మా ఇంటెనక గోడ నిండ అవే ఉన్నయి సార్" అన్నాడు. ఆ సాయంత్రమే భార్యకు ఫోన్ చేశాడు. పావని ఆలోచించింది. మరుసటి వారానికల్లా 'జోగులమ్మ పిడకలు' అనే దుకాణం ఆన్‌లైన్ అంగడిలో తెరుచుకుంది.

జనం కొన్నారు. హైదరాబాదు కొన్నది, బెంగళూరు కొన్నది. ఒకాయన పిడక బాగుంది గాని పేడ వాసన వస్తున్నదని ఐదు చుక్కల రేటింగులో ఒకే ఒక్క చుక్క ఇచ్చాడు. ఇంకొకావిడ వాడే విధానం డబ్బా మీద ముద్రించలేదని కోప్పడింది. అయినా గిరాకీ తగ్గలేదు. మల్లేశ్ సెంట్రింగ్ మానేసి ఊరికి వచ్చి పార్సిళ్లు కట్టసాగాడు. పెళ్లయిన నాటి నుంచీ మొగుడి గొంతును ఫోన్లోనే ఎక్కువగా విన్న పావని, ఇప్పుడు ఆయన గురకను నేరుగా వింటున్నది. దాన్నీ ఆమె లాభం కిందనే జమ వేసుకున్నది.

అట్లా ఉండగా ఒక పొద్దున, గృహప్రవేశాల గిరాకీ మంచి ఊపు మీదున్నప్పుడు, మెయిల్ వచ్చింది. ఆన్‌లైన్ అంగడి ఎవరినైనా తెలుగులో అమ్ముకోనిస్తుంది. ఆపేటప్పుడు మాత్రం ఇంగ్లీషులో ఆపుతుంది. పావని రెండుసార్లు చదివి, అత్తకు తెలుగులో చెప్పింది.

"మన దుకానం బంద్ వెట్టిండ్రత్తా. మనం ఎవరిదో మేధోసంపత్తి దొంగిలించినమంట."

"మేధో అంటే ఏందే?"

"తెలివి."

"మనం తెలివితోని కొట్టినమా పిడకలు?"

"గట్లనే రాసిండ్రు."

దొంగ అన్నందుకు జోగులమ్మకు కోపం రావలసిందే గాని, తెలివి అన్న మాట దగ్గర మనసు కొద్దిగా ఆగింది. "పోనీ, ఇన్నేండ్లకు ఒకడన్న గుర్తు వట్టిండు" అంది.

ఫిర్యాదు చేసినది హైదరాబాదులోని 'సురభిళ గోమయ' అనే సంస్థ. దాని యజమాని భానుప్రకాశ్ గారు. ఆయన నాగర్‌కర్నూల్ నుంచి వెళ్లి సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడి, తర్వాత మూలాల్లోకి తిరిగి రావాలని నిశ్చయించుకుని, హైదరాబాదు దాటకుండానే వచ్చిన మనిషి. వారి పిడకలను యంత్రం కొడుతుంది. యంత్రానికి వేళ్లుండవు. వేళ్లు లేని పిడకను చూస్తే కొనేవారికి భక్తి కలగడం లేదని సర్వేలో తేలింది. అందుకని ఆయన ఉక్కుతో ఐదు వేళ్ల అచ్చు పోయించి, 'గుండ్రని గోమయ ఫలకముపై ఐదు మానవాంగుళుల ముద్ర' అనే డిజైన్‌ను తన పేర రిజిస్టర్ చేయించుకున్నారు. ఆ తర్వాత అంగడిలో చూస్తే, జోగులమ్మ పిడకల మీద అచ్చం అట్లాంటి వేళ్లే కనిపించాయి. ఏ మనిషికైనా మండుతుంది.

పావని తమ పక్షం చెప్పుకుందామని అంగడి వారి సహాయ కేంద్రానికి రాసింది. అక్కడ మనుషులుండరు. రాస్తే జవాబిచ్చే 'ఆశ' అనే మర ఉంటుంది. ఎంతో మర్యాదస్థురాలు.

'నమస్కారం పావని గారూ! మీ ఇబ్బంది నాకు అర్థమైంది' అంది ఆశ.

'అవి మా అత్త వేళ్లు' అని పావని రాసింది.

'ధన్యవాదాలు. ఆ వేళ్లను ఎక్కడ కొన్నారో తెలిపే బిల్లు జతచేయండి.'

'కొనలేదు. పుట్టుకతో వచ్చినవి.'

'అర్థమైంది. అయితే తయారీదారులు ఇచ్చిన అనుమతి పత్రం జతచేయండి.'

తయారీదారులు కాలం చేసి చాలా ఏళ్లయింది. "సంతకానికి ఇప్పుడు యాడికి పోవాలె వాండ్ల దగ్గరికి?" అని జోగులమ్మ నిజంగానే పరేషాన్ అయింది. పావని ఆ సంగతే రాస్తే ఆశ సానుభూతి తెలిపి, పోనీ ముడిసరుకు సరఫరా చేసినవారి బిల్లయినా పంపమంది. చిరునామా, ఫోన్ నంబరు, ఈమెయిల్ తప్పనిసరి.

ముడిసరుకు సరఫరాదారులు అప్పుడు కొట్టంలో నెమరు వేస్తున్నారు.

పంచాయతీ కార్యదర్శి ఉదయ్ కిరణ్ మంచివాడు. అడిగినవారికి లేదనకుండా ఏదో ఒక ధ్రువపత్రం ఇచ్చి పంపేవాడు. పావని గోడు విని, కంప్యూటర్ ముందు కూర్చుని, రెండు ఆవులూ ఈ గ్రామ నివాసులేనని, పేడ వేయుట వాటి స్వభావమని, ఇందుకు గ్రామస్థులెవరికీ అభ్యంతరం లేదని ధ్రువీకరించి ముద్ర వేశాడు. కిందనే, 'ఇతర అవసరాలకు చెల్లదు' అని కూడా రాశాడు. వేళ్ల విషయంలో మాత్రం చేతులెత్తేశాడు.

"ఏళ్లు నా కిందికి రావమ్మా. ఏలిముద్రయితే సేవా కేంద్రంల మిషిన్ ఉంటది, గక్కడ అడుగుండ్రి."

అక్కడికీ పోయారు. జోగులమ్మ మిషిన్ మీద బొటనవేలు పెట్టింది. మిషిన్ ఒప్పుకోలేదు. చూపుడువేలు పెట్టింది. మళ్లీ ఒప్పుకోలేదు. ఏళ్ల తరబడి గోడకు కొట్టీ కొట్టీ ఆమె వేళ్ల గీతలు అరిగిపోయాయి. పదివేళ్లూ పరీక్షించిన తర్వాత, ఆ వేళ్లు జోగులమ్మవి కావని తెర మీద ఎర్రగా తేలిపోయింది. భానుప్రకాశ్ గారి వాదనకు ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఆవుల పత్రాన్ని ఆశ రెండు రోజులు పరిశీలించి, సరఫరాదారుల ఈమెయిల్ లేనందున తిరస్కరించింది. చివర్న, తన సేవ ఎట్లా ఉందో ఐదు చుక్కల్లో చెప్పమని కోరింది.

ఇంతలో హైదరాబాదు నుంచి మల్లేశ్ పాత మేస్త్రీ ఫోన్ చేశాడు. కొత్త సైటు పడిందని, మనుషులు కావాలని. మల్లేశ్ అటక మీది బ్యాగు దించి దుమ్ము దులిపాడు. మూడు అంగీలు మడిచి అందులో పెట్టాడు. పావని గడపలో నిలబడి చూసింది.

"పోతవా?" అంది.

"పోకుంటే ఎట్ల? గోడకున్న పిడకలు మనం తింటమా?"

పావని ఆ పూట అన్నం వండింది గాని తినలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే వనపర్తిలో 'గ్రామీణ మేధోసంపత్తి అవగాహన సదస్సు' జరిగింది. పెద్ద ఫంక్షన్ హాలు తీసుకున్నారు గనక కుర్చీలు నిండాలి. కుర్చీలు నిండాలంటే మహిళా సంఘాలు రావాలి. పాన్‌గల్ నుంచి ఆటోలు కట్టించి, భోజనం ఉంటుందని చెప్పి తీసుకుపోయారు. అట్లా జోగులమ్మ, పావని మూడో వరుసలో కూర్చున్నారు.

ముఖ్య అతిథి పెద్దసారు మైకు అందుకున్నారు.

"సోదరీమణులారా! ఆలోచన ఒక ఆస్తి! పొలానికి గట్టున్నట్టే ఆలోచనకూ గట్టుండాలి. గట్టు లేని ఆలోచనలో ఎవరి మేకలైనా వచ్చి మేస్తాయి. కాబట్టి ప్రతి ఒక్కరూ ఇవాళే, ఈ క్షణమే, ఏదో ఒకటి ఆలోచించి, వెంటనే దాన్ని రిజిస్టర్ చేయించుకోవాలని పిలుపునిస్తున్నాను! సొంతంగా ఆలోచించే జాతే ముందుకు పోతుంది!"

చప్పట్లు మోగాయి. ఈ ప్రసంగాన్నే ఆయన కిందటి వారం నాగర్‌కర్నూల్‌లో చేశారు. అంతకుముందు గద్వాలలో ఇంకొక పెద్దసారు చేశారు. అక్కడా బాగానే మోగాయి.

తర్వాత గ్రామీణ ఆవిష్కర్తకు సన్మానం. వేదిక మీదికి పిలిచిన పేరు విని పావని వెన్ను నిటారైంది. భానుప్రకాశ్ గారు తెల్లటి లాల్చీలో వచ్చి శాలువా కప్పించుకున్నారు. పెద్దసారుకు ఉత్సాహం వచ్చి, ఆ ఐదు వేళ్ల డిజైన్ ఎట్లా వేస్తారో ప్రజలకు స్వయంగా చూపించవలసిందని కోరారు. ఫోటోలు బాగా వస్తాయని పక్కవారూ అన్నారు. ఎక్కడినుంచో తొట్టిలో పేడ తెప్పించారు.

భానుప్రకాశ్ గారు తొట్టిలోకి చూశారు. లాల్చీ చేతులు ఒక మడత పైకి తీశారు. మళ్లీ చూశారు. "మా సంస్థలో ఈ విభాగం వేరేవారు చూస్తారండీ" అని మెల్లగా అన్నారు.

యాంకరమ్మ వెంటనే సభ వైపు తిరిగి, ఎవరైనా అక్కయ్యలు ముందుకు రావాలంది. పావని కొంగు పట్టి ఆపేలోపే జోగులమ్మ లేచిపోయింది. మెట్లెక్కి, చీర కొంగు నడుముకు చెక్కుకుని, ముద్ద తీసింది. వేదిక మీద గోడ లేదు. అటూ ఇటూ చూసి, పెద్దసారు మాట్లాడిన మైకు బల్ల ముందు భాగాన ఠపీమని కొట్టింది. సభ దద్దరిల్లింది. కెమెరాలు మెరిశాయి.

పెద్దసారు వంగి, కళ్లద్దాలు సర్దుకుని చూశారు.

"అద్భుతం! అచ్చం మన భానుప్రకాశ్ గారి డిజైనే! ఐదుకు ఐదు వేళ్లూ దింపేసింది! అమ్మా, నీకు గ్రహణశక్తి బాగుంది. కాని ఒకరి డిజైన్‌ను ఇట్లా మక్కీకి మక్కీ దించడం నేరం. తెలియక చేశావు గనక ఈసారికి వదిలేస్తున్నాం."

"సారూ, నేను ఈ సారుది జూసి కొట్టలే. మా అవ్వ కొట్టంగ జూసిన."

"అందరూ అట్లాగే అంటారమ్మా" అన్నారు పెద్దసారు ప్రేమగా.

భోజనాల దగ్గర భానుప్రకాశ్ గారే వీళ్లను వెతుక్కుంటూ వచ్చారు. చెడ్డ మనిషి కాదు. తన మనసులోని మాట పావనికి విడమరచి చెప్పారు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారు. జోగులమ్మ తన చేతిని తాను నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. అందుకు సంస్థ లైసెన్సు ఇస్తుంది. కొట్టిన పిడకలన్నీ సంస్థకే పంపాలి. పేరు మాత్రం సంస్థది ఉంటుంది. యంత్రం పిడకలు ఈ మధ్య కాస్త విరిగిపోతున్నాయని, చేత్తో కొట్టినవే నయమని కూడా ఒప్పుకున్నారు.

పావనికి అటక మీంచి దిగిన బ్యాగు కళ్ల ముందు మెదిలింది. సరే అనడానికి నోరు తెరిచింది. పక్కన జోగులమ్మ బగారన్నం కలుపుతూ కలుపుతూ ఆగి, తన చేతి వేళ్ల వైపు చూసుకున్నది.

"సారూ, ఐదేళ్లయితే నీయి. ఒప్పుకున్న. నాలుగేళ్లు ఎవరియి?"

భానుప్రకాశ్ గారు నవ్వారు. "నాలుగు మేము రిజిస్టర్ చేయించలేదమ్మా. నాలుగు వేళ్లతో పిడక ఎవరు కొడతారు?"

"గంతే గద" అంది జోగులమ్మ, అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటూ.

మరునాడు తెల్లవారగానే ఆమె బొటనవేలు లోపలికి ముడిచి గోడ ముందు నిలబడింది. మొదటి పిడక కొట్టగానే జారి కాళ్ల మీద పడింది. రెండోది వంకరైంది. మధ్యాహ్నానికి మణికట్టు లాగేసింది. "నీ అవ్వ, గీ ఏలు ఎప్పుడూ ఊకె కూసోలే, ఇయ్యాల కూసోమంటే ఇనదు" అని బొటనవేలిని తిట్టింది. మూడో రోజుకు అది మాట విన్నది. నాలుగు వేళ్లు చక్కగా, బారుగా, కోసినట్టు దిగాయి.

మల్లేశ్ పేర కొత్త దుకాణం తెరిచారు. ఆశ పరిశీలించి, ఇట్లాంటి పిడక ఇంతవరకూ అంగడిలో లేదని అభినందించింది. పావని కూర్చుని వివరం రాసింది. 'నాలుగు వేదాలు, నాలుగు దిక్కులు, నాలుగు యుగాలు. అహంకారానికి గుర్తయిన బొటనవేలిని త్యజించి చేసిన పవిత్ర పిడక.' రాశాక చదువుకుంటే ఆమెకే ఒళ్లు జలదరించింది.

ఆ తర్వాత జరిగింది పాన్‌గల్‌లో ఎవరూ ఊహించలేదు. అచ్చంపేటలో ఒక పంతులు గారు, పూర్వులు నాలుగు వేళ్లతోనే కొట్టేవారనీ, ఐదు వేళ్ల పిడక పాశ్చాత్య ప్రభావమనీ వీడియోలో సెలవిచ్చారు. ఐదు వేళ్ల పిడకతో పాలు పొంగించిన ఒకావిడ, ఇంట్లో గొడవలన్నీ దానివల్లనేనని గుర్తించి, నాలుగు వేళ్లవి తెప్పించుకుని మళ్లీ పొంగించింది. గద్వాలలో ఆవుల కొట్టాన్ని ఆనుకునే ఇల్లున్న ఒక పెద్దమనిషి నెలనెలా ఆర్డరు పెట్టసాగాడు. ఆయన పార్సిల్ పాన్‌గల్ నుంచి హైదరాబాదు పోయి, అక్కడ ఒక రాత్రి నిద్ర చేసి, గద్వాలకు తిరిగి వచ్చేది. దూరం నుంచి వచ్చిన సరుకు కాబట్టి ఆయనకు గురి ఎక్కువ.

మల్లేశ్ బ్యాగులోంచి అంగీలు బయటికి వచ్చాయి. మేస్త్రీ ఫోన్ చేస్తే, తానే ఇద్దరు మనుషుల కోసం చూస్తున్నానని చెప్పాడు. పావని గద్వాలలోని ఒక ఏజెంటును పట్టుకుని, నాలుగు వేళ్ల ముద్రను తమ పేర రిజిస్టర్ చేయించింది. భానుప్రకాశ్ గారి సంస్థ అదే పని మీద దరఖాస్తు పెట్టేసరికి ఒక అడుగు వెనకబడిపోయింది. తరువాతి సదస్సులో శాలువా పావనికి కప్పారు. పెద్దసారు మళ్లీ పొలం గట్టు సంగతే చెప్పారు. కిందటిసారి అర్థంలేని మాటగా తోచినదే, ఈసారి శాలువాలోంచి వింటే ఎంతో లోతుగా ఉందనిపించింది ఆమెకు.

పక్కింటి స్వరూప మొదటినుంచీ వీళ్లకు పార్సిళ్లు కట్టడంలో చేయి వేసేది. ఆమె మొగుడూ హైదరాబాదులో సెంట్రింగ్ పనే చేస్తాడు. పండక్కో పబ్బానికో వస్తాడు. పావనిని చూసి స్వరూపకూ ఆశ పుట్టింది. వాళ్లింటికీ వెనక గోడ ఉంది. ఒక రోజు పావని ఫోన్లో తమ పిడకల బొమ్మ చూసుకుంటుంటే, కింద 'ఇవి కూడా చూడండి' అన్న చోట 'స్వరూప పిడకలు' కనిపించాయి. గుండ్రంగా, నున్నగా, నాలుగు వేళ్లతో.

ఆమె అత్తకు చూపించింది. జోగులమ్మ మొహం విప్పారింది.

"మన స్వరూపదేనా? మంచిగ దింపింది! బొటనేలు ఎట్ల ముడవాలెనో నేనే నేర్పిన."

అత్త పేడ కలపడానికి పోయాక, పావని ఒంటరిగా అరుగు మీద కూర్చున్నది. స్వరూప మంచిదే. కష్టంలో ఉన్నదే. కాని గట్టనేది ఒకటి ఉండాలి గదా అనిపించింది. ఈ మాట ఎక్కడినుంచి వచ్చిందో ఆమె ఆలోచించలేదు. తన సొంత ఆలోచనే అనుకున్నది. ఆ వేళ్లు తమవని నిరూపించడం అప్పట్లో ఎంత తిరిగినా కుదరలేదు. ఇంకొకరివి కావని ఫిర్యాదు చేయడానికి ఫోన్లో మూడుసార్లు నొక్కితే సరిపోయింది.

'ధన్యవాదాలు పావని గారూ! మీ హక్కుల రక్షణే మా కర్తవ్యం' అంది ఆశ. ఎటువంటి బిల్లూ అడగలేదు. ఆ మర ఇంత మంచిదని పావనికి అంతవరకు తెలియదు.

మరునాడు పొద్దున్నే స్వరూప ఫోన్ పట్టుకుని ఏడుస్తూ వచ్చింది.

"అక్కా, నా దుకానం బంద్ వెట్టిండ్రక్కా! ఇంగ్లీషుల ఏందో రాసిండ్రు, నాకు తెల్వదు. జర సదివి చెప్పవా?"

పావని ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. ఫోన్ తీసుకుని, ఇంగ్లీషు ముక్క ముక్కకూ తెలుగు చెబుతూ ఓపిగ్గా చదివింది. ఫిర్యాదు చేసినవారి పేరు వచ్చిన చోట ఒక క్షణం ఆగింది.

"ఏదో పెద్ద కంపిని" అంది. అన్నాక కొంచెం నిటారుగా కూర్చున్నది.

"పెద్దోళ్లకు మన అసొంటోళ్ల మీదనే కండ్లుంటయి అక్కా. వాని చెయ్యి వడిపోను!"

పావని కుడిచేతిని కొంగు కిందికి జరుపుకుంది. చాయ్ ఎడమచేత్తోనే పోసింది.

"ఏడ్వకు. మాకు గిట్లనే కాలేదా? మెల్లగ తొవ్వ దొరుకుతది" అంటూ స్వరూప చెయ్యి అందుకుని, బొటనవేలు ముడిచి, దాని మీద చిటికెనవేలు కూడా ముడిచింది. "మూడేళ్లతోని కొట్టు. మూడు ఇంకా ఎవరూ రాయించుకోలే. మూడంటే త్రిమూర్తులు. కింద ఏం రాయాలెనో నేను రాసిస్త."

స్వరూప కళ్లు తుడుచుకుని, ముడిచిన చేతిని గాల్లో ఒకసారి ఆడించి చూసుకున్నది. ఆమె మొహంలోకి వెలుగు వచ్చింది.

"నీ అసొంటి మనిషి పక్కింట్ల ఉండుడు నా అదృష్టం అక్కా" అంది.

"గట్లంటవేందే" అంది పావని నొచ్చుకుంటూ. "మనకు మనమే సాయం కాకుంటే ఇంకెవరైతరు?"